కొండల అండతో కడలి కోట
తూర్పు కనుమలకు, యుద్ధనౌకలకు తరతరాల అనుబంధం

అరకులోయ: మన్యం అందాలు చూడవచ్చే పర్యాటకులను రెండు చోట్లు ప్రత్యేకంగా ఆకట్టుకుంటాయి. ఒకటి అనంతగిరి కొండల్లోని బొర్రా గుహలు. రెండోది విశాఖ సాగరతీరంలో ఇసుకపై కొలువుదీరిన కుర్సురా జలాంతర్గామి. మొదటిది కొండ గర్భం, రెండోది కడలి గర్భంలో తిరిగిన ఓడ. ఈ రెండింటికీ సంబంధం ఏమీ లేదని చూసినవారు అనుకోవడం సహజం. అరకులోయకు, సముద్రానికి మధ్య సుమారు 115 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు ఉంది మరి.

అయితే విశాఖ నేడు తూర్పు నౌకాదళానికి ప్రధాన కేంద్రం కావడం వెనుక తూర్పు కనుమల పాత్ర చిన్నది కాదు. రేవుకు చాటు నిచ్చినది ఈ కొండల కొసే. రేవుకు సరకు చేర్చే రైలు మార్గాలు సాగినదీ ఈ కొండల మీదుగానే. విశాఖ పరిశ్రమలకు తొలినాళ్లలో విద్యుత్తు అందించినది మన్యంలో పుట్టిన నదే. చివరకు కొత్త యుద్ధనౌకలు కొన్ని ధరించినదీ ఈ కొండల పేర్లనే.

ఖోండుల పేరున్న రాయి

తూర్పు కనుమల్లో విస్తారంగా కనిపించే రాతికి భూగర్భ శాస్త్రవేత్తలు పెట్టిన పేరు ఖోండలైట్. ఈ కొండల్లో నివసించే ఖోండు గిరిజనుల పేరు మీదుగా 1902లో టి.ఎల్.వాకర్ అనే శాస్త్రవేత్త ఆ పేరు ఖరారు చేశారు. అరకు పరిసరాల్లో కొండ చరియల నుంచి విరిగిపడే ఎర్రటి మచ్చల రాయి ఇదే. విశాఖ నగరానికి ఉత్తరాన ఉన్న కైలాస పర్వత శ్రేణి, దక్షిణాన ఉన్న యారాడ శ్రేణి కూడా ఈ రాతితో ఏర్పడినవే.

యారాడ శ్రేణి సముద్రంలోకి ముక్కులా చొచ్చుకువచ్చిన చోటును డాల్ఫిన్స్ నోస్ అంటారు. తూర్పు తీరంలో అధిక భాగం చదునైన ఇసుక నేల. అలలకు, గాలికి అడ్డు నిలిచే కొండ అక్కడ అరుదు. విశాఖలో మాత్రం కనుమలు సముద్రపు అంచుదాకా వచ్చి నిలిచాయి. ఆ కొండ చాటునే నేటి రేవు కాలువ, దాని వెనుక లోపలి హార్బరు ఉన్నాయి. అంటే భారత నౌకాదళపు పెద్ద స్థావరాల్లో ఒకదానికి కాపు కాస్తున్న రాతికి ఒక గిరిజన జాతి పేరు ఉందన్నమాట.

రేవు లేని రోజుల్లో యుద్ధం

కొండ ఉన్నంత మాత్రాన రేవు సిద్ధంగా లేదు. ఒకప్పుడు ఓడలు తీరానికి దూరంగా, బయట సముద్రంలోనే లంగరు వేసేవి. సరకును పడవల మీద ఒడ్డుకు చేర్చేవారు. ఆ లోటు ఎంత ప్రమాదకరమో 1804 సెప్టెంబరు 15న తెలిసివచ్చింది. నెపోలియన్ కాలపు యుద్ధాల్లో భాగంగా ఫ్రెంచి అడ్మిరల్ లినోయ్ మూడు యుద్ధనౌకలతో విశాఖ తీరంపైకి వచ్చాడు. అక్కడ లంగరు వేసి ఉన్న బ్రిటిష్ యుద్ధనౌక సెంచూరియన్, దాని రక్షణలో ఉన్న రెండు వర్తక నౌకలు దాడికి గురయ్యాయి. సెంచూరియన్ కెప్టెన్ జేమ్స్ లిండ్ ఆ వేళకు ఒడ్డుపై ఉండటంతో, అతని కింది అధికారి పోరు ప్రారంభించవలసి వచ్చింది. ఒక వర్తక నౌక తీరానికి కొట్టుకుపోయి బద్దలైంది. మరొకటి ఫ్రెంచివారి వశమైంది. సెంచూరియన్ మాత్రం దెబ్బలు తిన్నా లొంగలేదు.

కొండ వెనుక చిత్తడి నేలను తవ్వి, ఓడలను లోపలికి తీసుకురావాలన్న ఆలోచన కార్యరూపం దాల్చడానికి ఆపై వందేళ్లకు పైగా పట్టింది. 1920వ దశకం చివరలో పనులు ఊపందుకున్నాయి. రేవు ముఖద్వారంలో ఇసుక మేట వేయకుండా రెండు పాత ఓడలను రాళ్లతో నింపి ముంచారు. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ వారి జలదుర్గ నౌక మొదటగా హార్బరులో ప్రవేశించింది. అదే ఏడాది డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్టన్ రేవును లాంఛనంగా ప్రారంభించారు.

రేవుకు దారి సైతం కొండల మీదుగానే వచ్చింది. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడల మీదుగా రాయపూర్ చేరే రైలు మార్గం 1931లో పూర్తయింది. తూర్పు కనుమలను దాటి మధ్య భారతాన్ని సముద్రంతో కలిపిన ఈ మార్గమే కొత్త రేవుకు సరకు తెచ్చిపెట్టింది.

రెండో ప్రపంచ యుద్ధంలో రేవు ప్రాముఖ్యం శత్రువుకూ తెలిసింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ హార్బరుపై బాంబులు వేశాయి. ఆ రోజుల్లోనే బంగాళాఖాతంలో 20కి పైగా వర్తక నౌకలను జపాన్ నౌకాదళం ముంచివేసింది. భయంతో నగరవాసులు అనేకులు లోపలి గ్రామాలకు తరలిపోయారు.

మత్స్యగెడ్డ వెలుగు

స్వాతంత్య్రానంతరం విశాఖ వేగంగా పెరిగింది. సింధియా కంపెనీ నౌకా నిర్మాణ కేంద్రానికి 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేయగా, అక్కడ తయారైన జలఉష నౌకను 1948 మార్చి 14న ప్రధాని నెహ్రూ జలప్రవేశం చేయించారు. నేటి హిందుస్థాన్ షిప్‌యార్డ్ అదే. ఓడలు కట్టే ఊరికి, రేవుకు, పరిశ్రమలకు విద్యుత్తు కావలసి వచ్చింది. ఆ అవసరానికి సమాధానం మన్యంలో దొరికింది.

మాడుగుల కొండల్లో పుట్టే మత్స్యగెడ్డ ఏజెన్సీ గ్రామాల మధ్యగా ఉత్తరానికి పారి, మాచ్‌ఖండ్ నదిగా ఒడిశా సరిహద్దు చేరుతుంది. డుడుమ జలపాతం వద్ద లోయలోకి దూకే ఆ నీటి బలంతో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం నిర్మించారు. ఆంధ్ర, ఒడిశాల ఉమ్మడి ప్రాజెక్టు అయిన దీనిని 1955 ఆగస్టు 19న రాష్ట్రపతి హోదాలో రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. పూర్తి సామర్థ్యం 120 మెగావాట్లు. నౌకా నిర్మాణ కేంద్రానికి పునాది రాయి వేసినవారే, ఆ ప్రాంతానికి వెలుగు పంపిన కేంద్రాన్నీ ప్రారంభించడం ఒక విశేషం.

ఈ వెలుగుకు మూల్యం చెల్లించినది కొండవాసులు. జోలాపుట్ జలాశయం కింద పల్లెలు, పల్లపు పొలాలు మునిగిపోయాయి. నిర్వాసితులైన వేలాది కుటుంబాల్లో గిరిజనులు, దళితులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. మైదాన నగరానికి తీగలు 1955లోనే చేరినా, ఆ తీగల కింద ఉన్న కొండ పల్లెలు అనేకం దశాబ్దాల తరబడి కిరోసిన్ దీపాలతోనే గడిపాయి.

రెండో పెద్ద పని కొత్తవలస - కిరండూల్ రైలు మార్గం. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు ఎగుమతి చేసేందుకు 1960లో కుదిరిన ఒప్పందంతో ఇది రూపుదిద్దుకుంది. 1960వ దశకం చివరకు పూర్తయిన ఈ మార్గం పొడవు సుమారు 445 కిలోమీటర్లు. శివలింగపురం, త్యాడ, బొర్రా, అరకుల మీదుగా సొరంగాలు దాటుతూ సాగుతుంది. 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగూడ స్టేషను చిరకాలం దేశంలోని బ్రాడ్‌గేజి స్టేషన్లలో అత్యంత ఎత్తయినదిగా పేరుపొందింది. పాతికేళ్ల క్రితం బాంబులు వేసిన జపాన్‌కే ఖనిజం పంపేందుకు కొండలు తొలిచిన మార్గమిది. ఖనిజ నౌకల కోసం 1976లో విశాఖలో బయటి హార్బరు కూడా సిద్ధమైంది.

1971 డిసెంబరు రాత్రి

నౌకాదళ చరిత్రలో విశాఖ పేరు నిలిపిన సంఘటన 1971 యుద్ధంలో జరిగింది. తూర్పు నౌకాదళ కమాండ్ 1968 మార్చి 1న ఏర్పడింది. నాటి అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్.కృష్ణన్. దేశానికి ఉన్న ఏకైక విమాన వాహక నౌక విక్రాంత్ ఆయన అధీనంలో ఉండేది. దానిని ముంచే లక్ష్యంతో పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ నవంబరు 14న కరాచీ నుంచి బయలుదేరింది. అమెరికా నౌకాదళంలో డయాబ్లో పేరుతో పనిచేసి, 1964లో పాకిస్థాన్ చేతికి వచ్చిన జలాంతర్గామి ఇది.

విక్రాంత్‌ను అండమాన్ దీవుల చాటున దాచి, అది విశాఖలోనే ఉన్నట్లు శత్రువును నమ్మించడం కృష్ణన్ పన్నిన వ్యూహం. పాత యుద్ధనౌక రాజ్‌పుత్ చేత విక్రాంత్ పంపినట్లుగా వైర్‌లెస్ సందేశాలు పంపించారు. పెద్ద నౌకకు సరిపోయేంత ఆహార సామగ్రికి విశాఖ మార్కెట్లో ఆర్డర్లు ఇచ్చారు. వంటసరుకుల కబురు కూడా శత్రువు చెవిన పడుతుందని లెక్కకట్టారు.

డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ తీరంలో భారీ పేలుడు వినిపించింది. ఒడ్డున ఇళ్ల కిటికీలు అదిరాయి. అంతకు కొద్దిసేపటి ముందే రేవు దాటిన రాజ్‌పుత్, నీటిలో కదలిక గమనించి రెండు డెప్త్ ఛార్జీలు విడిచింది. మరునాడు మత్స్యకారులకు సముద్రంపై తేలుతున్న శకలాలు దొరికాయి. ఘాజీతోపాటు అందులోని 90 మందికి పైగా నావికులు జలసమాధి అయ్యారు.

రాజ్‌పుత్ దాడిలోనే ఘాజీ మునిగిందన్నది భారత నౌకాదళం మాట. లోపలి పేలుడు వల్ల గానీ, అది అమర్చిన మందుపాతరల వల్లనే గానీ మునిగిందన్నది పాకిస్థాన్ వాదన. ఈ వివాదం నేటికీ తెగలేదు. శకలాలు మాత్రం విశాఖ తీరానికి సమీపంలోనే సముద్రం అడుగున ఉన్నాయి. లోతు జలాల్లో రక్షణ కార్యకలాపాలకు ఉపయోగించే వాహనంతో వాటిని గుర్తించినట్లు 2024 ఫిబ్రవరిలో నౌకాదళం వెల్లడించింది. యుద్ధసమాధిగా భావించి వాటిని కదపలేదు. ఆ యుద్ధ విజయానికి గుర్తుగా 1996లో రామకృష్ణా బీచ్‌లో విక్టరీ ఎట్ సీ స్మారకం నిర్మించారు.

కుర్సురా కడుపులో కాపురం

ఆ స్మారకానికి సమీపంలోనే కుర్సురా ఉంది. 1969 డిసెంబరు 18న సోవియట్ యూనియన్‌లోని రీగా రేవులో భారత నౌకాదళంలో చేరిన ఈ జలాంతర్గామి 31 ఏళ్లు సేవలందించింది. 2001 ఫిబ్రవరి 27న విధుల నుంచి తప్పుకున్నాక ఒడ్డుకు లాగి, 2002 ఆగస్టులో ప్రదర్శనశాలగా మార్చారు. పొడవు సుమారు 91 మీటర్లు. దాదాపు 75 మంది ఇందులో నెలల తరబడి గడిపేవారు.

లోపల ఏడు గదులు. ఒక గది నుంచి మరో గదికి గుండ్రటి ఇరుకు ద్వారం గుండా వంగి, కాలు ముందు పెట్టి దూరాలి. ప్రమాదవశాత్తు ఒక గదిలోకి నీరు చొరబడితే ఆ తలుపు బిగించి మిగతా గదులను కాపాడుకునే ఏర్పాటు అది. తలుపుకు అవతల మనుషులున్నా బిగించక తప్పని పరిస్థితి వస్తుందని జలాంతర్గామి నావికులందరికీ తెలుసు.

నీటిపై, లేదా గాలి గొట్టం మాత్రం పైకి తేల్చినపుడు డీజిల్ ఇంజన్లు నడుస్తాయి. అవే బ్యాటరీలను నింపుతాయి. పూర్తిగా మునిగాక బ్యాటరీల బలంతోనే కదలాలి. బ్యాటరీ అయిపోతే పైకి రాక తప్పదు. పైకి వస్తే శత్రువు కంటపడే ప్రమాదం. జలాంతర్గామి జీవితమంతా ఈ రెండింటి మధ్య తూకమే. మంచినీరు కొలత ప్రకారం వాడాలి కాబట్టి స్నానం విలాసమే. డీజిల్ వాసన ఒంటికి, బట్టలకు, అన్నానికి పడుతుంది. ఎండ, వెన్నెల రెండూ ఉండవు. ఒకరు డ్యూటీకి లేచిన పడకపై మరొకరు పడుకోవలసి వచ్చేది.

నీటిపై తిరిగే యుద్ధనౌకల్లో కొంత ఊరట ఉన్నా, క్రమశిక్షణ మాత్రం ఒకటే. రోజును నాలుగేసి గంటల వంతులుగా విభజిస్తారు. సాయంత్రం 4 నుంచి 8 వరకు ఉన్న వంతును మాత్రం రెండేసి గంటల రెండు ముక్కలు చేస్తారు. అలా చేస్తే వంతుల సంఖ్య బేసి అవుతుంది. అపుడు నడిరేయి కాపలా రోజూ ఒకరి మీదే పడకుండా మారుతూ వస్తుంది. తెరచాప ఓడల కాలం నుంచి వస్తున్న న్యాయమిది.

తిండి విషయం కూడా చిన్నది కాదు. 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలోని తల్వార్ శిక్షణ కేంద్రంలో నాసిరకం భోజనం, తెల్ల అధికారుల అవమానకర మాటలకు నిరసనగా ప్రారంభమైన నావికుల తిరుగుబాటు బ్రిటిష్ పాలనను కుదిపివేసింది. ఆ సెగ విశాఖలోని నావికులనూ తాకింది.

నౌకల నుదుట కొండల పేర్లు

భారత నౌకాదళంలో ఫ్రిగేట్ తరగతి నౌకలకు కొండల పేర్లు పెట్టడం ఆనవాయితీ. 1972 జూన్‌లో సేవలు ప్రారంభించిన నీలగిరితో ఈ వరస మొదలైంది. హిమ్‌గిరి, ఉదయగిరి, దునగిరి, తారాగిరి, వింధ్యగిరి దాని తోబుట్టువులు. ఆ తర్వాత తరంలో శివాలిక్, సాత్పురా, సహ్యాద్రి వచ్చాయి. సహ్యాద్రి అంటే పడమటి కనుమలు.

తూర్పు కనుమలకూ ఇందులో వాటా దక్కింది. తొలి ఉదయగిరి 1976 ఫిబ్రవరి 18 నుంచి 2007 ఆగస్టు 24 వరకు పనిచేసింది. అదే పేరుతో కొత్త నౌక 2022 మే 17న ముంబయిలో జలప్రవేశం చేసింది. ఆంధ్రప్రదేశ్‌లోని పర్వత శ్రేణి పేరు దీనికి పెట్టినట్లు అప్పట్లో ప్రభుత్వం ప్రకటించింది. నౌకాదళ రూపకల్పన విభాగం గీసిన నౌకల్లో ఇది నూరవది. 2025 ఆగస్టు 26న విశాఖలోనే ఉదయగిరి, హిమ్‌గిరి నౌకలు ఒకేసారి దళంలో చేరాయి. పొడవు సుమారు 149 మీటర్లు, బరువు సుమారు 6,700 టన్నులు. శత్రు రాడార్లకు తేలిగ్గా చిక్కని ఆకృతి, బ్రహ్మోస్ క్షిపణులు వీటి ప్రత్యేకతలు.

ఇదే తరగతిలో ఏడో నౌక మహేంద్రగిరి. 2023 సెప్టెంబరు 1న ముంబయిలో జలప్రవేశం చేసింది. ఒడిశాలోని గజపతి జిల్లాలో, శ్రీకాకుళం జిల్లా మందసకు చేరువలో ఉన్న 1,501 మీటర్ల శిఖరం పేరిది. పరశురాముడు తపస్సు చేసిన కొండగా పురాణ ప్రసిద్ధి. సముద్రగుప్తుని అలహాబాదు స్తంభ శాసనంలోనూ ఈ పేరు కనిపిస్తుంది. తూర్పు గాంగ రాజులు కొలిచిన గోకర్ణేశ్వరుడు వెలసినది ఇక్కడే. చుట్టూ సవరల పల్లెలు. తూర్పు కనుమల్లో ఇంతకన్నా ఎత్తయిన జింధగడ శిఖరం మాత్రం అల్లూరి సీతారామరాజు జిల్లాలోనే ఉంది. ఆ పేరు ఇంకా నౌక నుదుటికి ఎక్కలేదు.

గాలి ఒక్కటే

కొండకు, కడలికి ఉన్న బంధం 2014 అక్టోబరు 12న మరో రూపంలో కళ్లకు కట్టింది. విశాఖ వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుపాను నౌకాదళ స్థావరాన్ని, నగరాన్ని అతలాకుతలం చేసి, అదే ఊపుతో కొండెక్కింది. మన్యంలో కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు వేల సంఖ్యలో కూలి, కింది కాఫీ మొక్కలపై పడ్డాయి. తుపాను సమయాల్లో యుద్ధనౌకలు రేవులో ఉండవు. గోడలకు కొట్టుకుని దెబ్బతినకుండా ముందుగానే నడిసముద్రంలోకి వెళ్లిపోతాయి. కాఫీ తోటకు మాత్రం కదిలే వీలు లేదు. నాటి తోటలు తిరిగి కాపుకు రావడానికి గిరిజన రైతులు ఏళ్ల తరబడి శ్రమించవలసి వచ్చింది.

కుర్సురాను చూసి వచ్చే ఏజెన్సీ విద్యార్థికి అది మైదానంవారి వింతగానే తోచవచ్చు. కానీ ఆ తీరానికి కాపు కాస్తున్న రాతికి తమ పూర్వీకుల పేరుందని, రేవు ఊరికి తొలి వెలుగు తమ గెడ్డ నుంచే వెళ్లిందని, ఆ వెలుగు కోసం తమవారి పొలాలు నీట మునిగాయని, సముద్రంపై తిరిగే నౌకకు తూర్పు కనుమల శిఖరం పేరుందని తెలిస్తే ఆ చూపు మారుతుంది. విశాఖ రేవు చరిత్ర రాసేటపుడు మొదటి పుట కొండదే. ఆ పుటలో కొండవాసులు చెల్లించిన మూల్యానికీ చోటుండాలి.